కనిపెట్టుకొని ఉండే నెల: పాలమూరు ఆగమన కాలంపై ఒక సంవాదం

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని క్రైస్తవ సంఘాలు ఆగమన కాలం అంటాయి. నవంబరు 30 అపొస్తలుడైన అంద్రెయ పండుగ. ఆ రోజుకు దగ్గరగా పడే ఆదివారంతో ఈ కాలం మొదలవుతుంది కాబట్టి, ఆరంభం నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య ఏ రోజైనా కావచ్చు. క్రిస్మస్ సోమవారం పడిన ఏడు 22 రోజులే ఉంటుంది, ఆదివారం పడిన ఏడు 28 రోజులు ఉంటుంది. 2023లో డిసెంబరు 3న, 2025లో నవంబరు 30న మొదలైంది. లాటిన్‌లో దీని పేరుకు 'రాక' అని అర్థం. చక్రవర్తి ఒక నగరానికి విచ్చేసినా రోమన్లు అదే మాట వాడేవారు.

ఈ కాలం పుట్టింది ఉపవాసంగా. ఐదో శతాబ్దంలో, నేటి ఫ్రాన్సులోని తూర్ నగర బిషప్ పెర్పెతూయుస్ నవంబరు 11న వచ్చే మార్టిన్ పండుగ నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు పస్తుండే నియమం పెట్టాడు. తరువాత రోములో అది నాలుగు వారాలకు కుదిరింది. చాలా తూర్పు సంఘాలు మాత్రం ఇప్పటికీ 40 రోజుల ఉపవాసం పాటిస్తాయి. కతోలిక గుళ్లలో ఈ నాలుగు వారాలూ గురువు సాధారణంగా ఊదా వస్త్రాలు వేసుకుంటాడు. మిగతా ఆదివారాల్లో పాడే మహిమ గీతాన్ని ఆపి, క్రిస్మస్ రాత్రి మళ్లీ ఎత్తుకుంటారు. పాటను అన్నాళ్లు దాచి ఉంచడం వల్ల ఆ రాత్రి అది కొత్తగా వినిపిస్తుంది. ఆగమన కాలంలోని మౌనం చేసే పని అదే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలకు ఈ సంప్రదాయం నేరుగా రాలేదు. 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలయ్యే దాకా ఈ మూడూ పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ జిల్లాలోవే. ఇక్కడి పల్లెల్లో సువార్త పాదుకున్నది చాలావరకు మెన్నొనైట్ బ్రెదరెన్ మిషన్ వల్ల. జనం నోట అది 'ఎంబీ చర్చి'. అమెరికా నుంచి ఈ మిషన్ వారు 1899లో హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. 1904లో వచ్చిన డి. ఎఫ్. బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలు కేంద్రాన్ని నిలబెట్టాడు. 1920లో అక్కడే బైబిలు పాఠశాల మొదలైంది, తరువాత అది శంషాబాదుకు మారింది. వనపర్తిలోనూ కేంద్రం వెలిసింది. మొదట అమెరికన్ బాప్టిస్టుల చేతిలో ఉన్న గద్వాల 1930ల్లో వీరి చేతికి వచ్చింది. బాప్టిస్టులకూ మెన్నొనైట్ బ్రెదరెన్‌కూ పండుగల పంచాంగం మీద పట్టింపు లేదు. ఊదా వస్త్రం, వరుస కొవ్వొత్తులు, వారానికో పేరు ఇక్కడి ప్రార్థన మందిరాలకు కొత్త సంగతులే.

పాలమూరు పల్లెల్లో డిసెంబరు అంటే సెమీ క్రిస్మస్. 25 దాకా ఆగకుండా, నెల మొదటి వారం నుంచే సంఘాలు వంతులవారీగా పండుగ జరుపుకుంటాయి. ఫ్లెక్సీలు కడతారు, సౌండ్ బాక్సులు దించుతారు, సండే స్కూలు పిల్లలు డ్యాన్సులు చేస్తారు, కేకు కోస్తారు, భోజనాలు పెడతారు. ఆ పైన రాత్రుళ్లు క్యారల్స్. ఇంత సందడి నడుమ నిశ్చలంగా కూర్చొని ఎదురుచూసే కాలానికి చోటుందా, ఉండాలా అన్న ప్రశ్న మీద రెండు పక్షాలున్నాయి. ఆ రెండింటినీ ఇక్కడ ఇద్దరి నోట వినిపించడమైంది. ఒకరు వనపర్తి పక్క పల్లెలో సంఘ పెద్ద. చేలో వేరుశనగ వేసిన రైతు, ముప్పై ఏళ్లుగా వాక్యం చెబుతున్నవాడు. రెండోవారు ఆయన తమ్ముడి కూతురు, నాగర్‌కర్నూలులో బడిపంతులమ్మ. ఇద్దరూ కల్పిత పాత్రలే గాని, వాళ్లు పట్టుకున్న వాదాలు ఈ నేలవే.

పెద్దాయన వాదం లేఖనం దగ్గర మొదలవుతుంది.

"మన పెద్దలు మనకు క్యాలెండరు ఇయ్యలే బిడ్డా, బైబిలు ఇచ్చిండ్రు. ఆగమన కాలమనే మాట ఆదికాండం నుంచి ప్రకటన దాకా ఎతికినా దొరకది. దినాలు, నెలలు పట్టుకొని పాటించేటోళ్లను చూసి పౌలు గలతీయులకు ఎంత బాధతోని రాసిండో నీకు ఎరుకే. నేను పడ్డ కష్టమంతా వట్టిగనే పోయిందా అన్నట్టు రాసిండు. మనకు ప్రతి దినం ప్రభువు దినమే."

ఈ ఆక్షేపణ వెనక ఐదు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1525లో జ్యూరిక్‌లో పెద్దవాళ్లయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్నవారు, 1536లో గురుత్వం వదిలి వారిలో కలిసిన మెన్నో సైమన్స్, 1860లో దక్షిణ రష్యాలో మెన్నొనైట్ బ్రెదరెన్‌గా వేరుపడినవారు, అందరూ లేఖనంలో లేని ఆచారాన్ని అనుమానించినవారే. ఆచారం పెరిగేకొద్దీ మనసు పెట్టడం తగ్గుతుందని వారు కళ్లారా చూశారు. కాబట్టి పెద్దాయన మాటను పాత పట్టుదలగా తోసేయడం సరికాదు.

పంతులమ్మ దానికి సూటిగానే జవాబిస్తుంది. "డిసెంబరు 25 గూడ బైబిల్ల లేదు గద, పెద్దనాయనా. దాన్ని ఉంచుకున్నం. పండుగను ఉంచుకొని, పండుగకు ముందున్న ఎదురుచూపును పక్కకు పెట్టినం. బైబిల్ల తేదీ లేదుగాని ఎదురుచూసేటోళ్లు ఉన్నరు. లూకా సువార్త తెరువు. సుమెయోను ఎదురుచూసుకుంటనే ముసలోడయిండు. అన్న అనే విధవరాలు దేవాలయం ఇడవకుండ ఉపవాసాలు, ప్రార్థనలు చేసింది. అండ్ల మొదటి కథనే జెకర్యాది. ఆయన నోరు నెలల తరబడి మూతవడ్డది."

"అది శిక్ష బిడ్డా. దేవదూత మాట నమ్మలే గనుక నోరు పోయింది."

"శిక్షనే. కాదంటలేను. గాని మళ్ల నోరు తెరిచిననాడు ఆయన నోట్లెకెళ్లి స్తుతి వచ్చింది. నడుమ ఆ నెలలు ఆయన ఏం చేసి ఉంటడు? ఎలీసబెతు కడుపు పెరుగుతుంటే చూసి ఉంటడు. ఏం చెప్పరాకపాయె, చూసుడొక్కటే మిగిలె."

జెకర్యా కథలో ఈ చివరి మాటలు లూకా రాసినవి కావు, పంతులమ్మ ఊహ. అయినా ఆ ఊహ ఆగమన కాలం మర్మానికి దగ్గరగా ఉంది. మాట ఆగినచోట చూపు పదునెక్కుతుందని ఈ కాలాన్ని పాటించేవారి అనుభవం.

శిక్ష అన్న మాట దగ్గర పెద్దాయన ఆగలేదు. ఆయన అసలు బాధ అక్కడుంది.

"ఊరకుండు అనే మాట మాకు దేవుడు చెప్పకముందే దొర చెప్పిండు. మా తాతలు ఊర్లెకెళ్లి నడవాలంటే చెప్పులు చేతవట్టుకొని, తల వంచుకొని నడిచేది. మా చేతుల డప్పు ఊరోళ్ల చావులకు, జాతరలకు మోగాలె. మాకంటూ ఒక పండుగ, మాకంటూ ఒక పాట, మా వాడకు ఒక దీపం క్రీస్తు వచ్చినంకనే వచ్చినయి. ఇయ్యాల మా పిలగాళ్లు మైకు పెట్టి పాడుతుంటే అది ఊరంతా వినవడుతది. వినవడాలె. నువ్వొచ్చి మౌనం బాగుంటదంటే, ఎవరికి బాగుంటదని అడుగుత."

ఈ మాటకు తేలికైన జవాబు లేదు. మౌనం మీద రాసిన భక్తి పుస్తకాలు చాలావరకు నోరున్నవారు రాసినవి. మాట్లాడే హక్కు మొదటి నుంచీ ఉన్నవాడు దాన్ని కాసేపు పక్కన పెడితే అది త్యాగం. ఆ హక్కు నిన్నగాక మొన్న దొరికినవాణ్ణి వదులుకోమంటే అది పాత ఆజ్ఞే అవుతుంది. తెలుగు నేల మీద ఆగమన కాలాన్ని గురించి మాట్లాడేవారెవరైనా ముందు ఈ ప్రశ్నను ఎదుర్కోవాలి.

పంతులమ్మ ఎదుర్కొన్నది సిద్ధాంతంతో కాదు. పెద్దాయన రాత్రి కావలి గురించి అడిగింది.

నల్లమల అంచు పల్లెల్లో యాసంగి వేరుశనగకు అడవిపందుల బెడద ఉంది. కాయ ఊరే రోజుల్లో పంది ముట్టెతో సాలు సాలంతా పెళ్లగిస్తుంది. అందుకని రైతులు చేలో మంచె వేసుకొని రాత్రి కావలి ఉంటారు. గొంగడి, టార్చిలైటు, ఒక పాత నూనె డబ్బా, ఒక కట్టె. చలికి డబ్బా రేకు మంచుగడ్డలా ఉంటుంది, ఆకుల మీద మంచు దిగుతూ ఉంటుంది.

"కావలికాడ నువ్వేం చేస్తవు పెద్దనాయనా?"

"ఏం చేస్తం, డబ్బా కొడుతం. కేక ఏస్తం."

"కొట్టినంక?"

"ఆగి వింటం."

"ఎంతసేపు?"

"అదేం లెక్క ఉంటది? చేను నిమ్మలమైందా లేదా తెలిసేదాకా. ఆకు కదిలిన సప్పుడు వేరే ఉంటది, పంది కాయ కొరికే సప్పుడు వేరే ఉంటది. డబ్బా ఊకె కొట్టుకుంటపోతే ఏ మూలకు వచ్చిందో ఎట్ల తెలుస్తది?"

"నేననేది గంతే. డబ్బా పారెయ్యమంటలేను. కొట్టినంక జరంతసేపు ఆగుమంటున్న. అట్ల ఆగుమని నీకు ఏ దొర చెప్పలే. చేను నీది గనుక ఆగినవు."

తెలుగు బైబిలులో ఈ పనికి సరిగ్గా సరిపోయే క్రియ ఒకటుంది. కనిపెట్టడం. వాడుకలో దానికి ఆచూకీ పట్టడం అనీ, కొత్తది కనుక్కోవడం అనీ, 'రోగిని కనిపెట్టుకొని ఉండు' అన్నప్పుడు దగ్గరుండి చూసుకోవడం అనీ అర్థాలున్నాయి. బైబిలు అనువాదకులు దాన్ని దేవుని కోసం ఎదురుచూడటానికి వాడారు. 130వ కీర్తన ఆ ఎదురుచూపును తెల్లవారుజాము కోసం చూసే కావలివాడితో పోలుస్తుంది. ముంగమూరి దేవదాసు 1938లో స్థాపించిన బైబిలు మిషనులో నిశ్శబ్దంగా కనిపెట్టే ప్రార్థనకు ప్రత్యేక స్థానం ఉంది. ఎదురుచూడటం, గమనించడం, చూసుకోవడం మూడూ ఒక్క మాటలో ఇమిడిపోవడం తెలుగు చేసుకున్న అదృష్టం. ఆగమనం అన్న సంస్కృత పదం ఎవరో రావడాన్ని మాత్రమే చెబుతుంది. కనిపెట్టడం ఆ వచ్చేవారి కోసం మనిషి చేయవలసిన పనిని చెబుతుంది.

'రాకడ' అన్న మాట కూడా ఇక్కడే తేలాలి. పల్లె సంఘాల్లో రాకడ అంటే క్రీస్తు రెండవ రాకడ. పెద్దాయన ఏడాది పొడుగునా బోధించేది దాని గురించే. ఆగమన కాలం మొదటి సగం కూడా పశువుల తొట్టి గురించి కాదు. మొదటి ఆదివారం చదివే సువార్త భాగాలు మెలకువగా ఉండటం గురించి, ఎప్పుడొస్తాడో తెలియని యజమాని గురించి. డిసెంబరు 17 నుంచే కతోలిక సంఘం నేరుగా జననం వైపు తిరుగుతుంది. ఈ సంగతి విన్నాక పెద్దాయన కాసేపు మాట్లాడలేదు.

"అయితే వాళ్లు గూడ రాకడ గురించే చెప్తరా?"

"ముందుగాల్ల అదే చెప్తరు."

"మరి అంత మంచి సంగతి కొవ్వొత్తుల ఎనక ఎందుకు దాచిండ్రు?"

కొవ్వొత్తుల చుట్టూ నడిచిన వాదంలో పంతులమ్మకు చెప్పడానికి ఒక మంచి కథ ఉంది. ఆగమన కాలపు దీపాల చక్రం పాతకాలపు మఠాల్లో పుట్టింది కాదు. జర్మనీలోని హాంబుర్గ్‌లో దిక్కులేని పిల్లలకు ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిక్ విఖెర్న్, క్రిస్మస్ ఎప్పుడొస్తుందని రోజూ అడిగే ఆ పిల్లల కోసం 1839లో ఒక బండి చక్రం తీసుకొని దాని మీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. ఆదివారాలకు పెద్ద తెల్లవి, మిగతా రోజులకు చిన్న ఎర్రవి. రోజుకొకటి వెలిగిస్తూ పోతే పండుగ ఎంత దూరంలో ఉందో లెక్క రాని పిల్లకు కూడా కంటితోనే తెలుస్తుంది.

పెద్దాయన ఆ కథను మెచ్చుకున్నాడు, కొవ్వొత్తులను మాత్రం ఒప్పుకోలేదు. "ఆయన పిల్లలకు లెక్క చెప్పనీకి పెట్టిండు, బాగుంది. మనం పెడితే పదేండ్లకు ఏమైతది? కొవ్వొత్తి ముట్టియ్యకపోతే ప్రార్థన పనిచెయ్యదనుకుంటరు. ఎన్ని చూడలే బిడ్డా." ఆయన భయం నిజమైనదే. నూనె సీసాలు, ప్రార్థన రుమాళ్లు ఎలా మొదలై ఎక్కడికి చేరాయో తెలుగు సంఘాలు చూశాయి. మనసును నిలపడానికి పెట్టుకున్న గుర్తు మీదే మనసు ఆగిపోవడం ఆగమన కాలాన్ని పాటించే సంఘాల్లోనూ ఉన్న జబ్బే.

అందుకే పంతులమ్మ వాదాన్ని బయటి సంప్రదాయాల నుంచి ఆయన సొంత సంప్రదాయంలోకి మళ్లించింది. జర్మను మాట్లాడే దేశాల్లో మెన్నొనైట్లకు ఒక పేరుంది: దేశంలో నెమ్మదిగా ఉండేవారు. 35వ కీర్తనలోంచి తీసిన మాట అది. వారి పూర్వికులు తమ భక్తికంతా 'గెలాసెన్‌హైట్' అనే ఒక్క పదం వాడేవారు. తనను తాను దేవుని చేతికి వదిలేసి, తొందర లేకుండా నిలిచి ఉండటం దాని భావం. వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ బైబిలు పట్టుకొని వచ్చినవారు ఆ నెమ్మదిలో పెరిగినవారే. అంటే నిశ్చలత పాలమూరు ఎంబీ సంఘానికి అరువు సొమ్ము కాదు. పంచాంగం రాకపోయినా అది వచ్చింది.

"వాళ్లు ఊకెనే నెమ్మదిగ ఉండలే" అన్నాడు పెద్దాయన. "పట్టుకపోయి నీళ్లల ముంచి సంపిండ్రు. భయానికి నోరు మూసుకున్నోళ్లు గూడ ఉంటరు."

జ్యూరిక్‌లో మళ్లీ బాప్తిస్మం తీసుకున్నవారిలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరిలో అక్కడే లిమ్మట్ నదిలో ముంచి చంపారు. అతని తరువాత వేలమంది చనిపోయారు. కాబట్టి ఆ నెమ్మదిలో భక్తి ఎంత, భయం ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం. ఈ ఒక్క విషయంలో పెద్దాయనదే పైచేయి. పంతులమ్మ కూడా కాదనలేదు.

వాదం మళ్లీ డిసెంబరు లెక్కలోకి వచ్చింది. సెమీ క్రిస్మస్‌కు పెద్దాయన చెప్పే కారణాలు ఆచరణకు సంబంధించినవి. ఒక్క పాస్టరు నాలుగైదు ఊళ్లు చూసుకుంటాడు. 25న అన్నిచోట్లా ఉండలేడు. సౌండ్ సెట్టు ఆ రోజు దొరకదు. పక్క సంఘాలవారు ఆ రోజు రాలేరు. అన్నీ నిజమే. పంతులమ్మ వాటికి ఎదురు చెప్పలేదు, ఒక పిల్లవాడి సంగతి చెప్పింది.

పాలమూరు నుంచి కూలికి పోయేవారి కథ పాతది. దసరా దాటాక మేస్త్రీల వెంట ముంబై, పుణె, హైదరాబాదు పనులకు కుటుంబాలు తరలిపోతాయి. ముసలివాళ్లు, బడి పిల్లలు ఊళ్లో మిగులుతారు.

"మా సండే స్కూల్ల మూడో తరగతి పిలగాడు ఒకడున్నడు. పోయినేడు వాళ్ల నాయిన పుణెల సెంట్రింగు పనికి పోయిండు, 24 రాత్రి వచ్చిండు. సెమీ క్రిస్మస్‌ల పిలగాడు గొర్రెల కాపరి ఏషం ఏసిండు. పదో తారీకుకే అయిపోయింది. నాయినకు సూపిస్తనని ఆ గొంగడి, ఆ కట్టె దాచిపెట్టుకున్నడు. నాయిన వచ్చేనాటికి మనం స్టేజీ పీకేసినం. ఇంటింటికి ఎవరో ఒకరు రావాలె, పెద్దనాయనా. మన వాడల ఆగమన కాలం ఎట్లుంటదో ఆ పిలగానికి ఎరుక. పండుగను ముందుకు గుంజి, వాని ఎదురుచూపును మనం ఉట్టిదే చేసినం."

నిశ్చలత అంటే సప్పుడు లేకపోవడం అనుకుంటే ఈ ఉదాహరణ దానికి అతకదు. ఆ పిల్లవాడి ఇంట్లో రేడియో మోగవచ్చు, మేక అరవవచ్చు. కాని రాత్రి ఆగే ప్రతి బస్సు దగ్గర వాడి చెవి ఉంటుంది. భక్తులు దేవుని విషయంలో పెంచుకోవాలనుకునే శ్రద్ధ అలాంటిది. అది వలస కూలీల ఇళ్లలో, మగ్గం ముందు, చేను కావలిలో ముందే ఉంది. గద్వాల చీరలో నూలు ఒడలికి పట్టు అంచును పోగు పోగున ముడివేసే నేతగాడు ఒక్క పోగు మీద ధ్యాస తప్పితే ఆ తప్పు చీర ఉన్నన్నాళ్లూ కనిపిస్తుంది. ఈ ప్రజలకు శ్రద్ధను కొత్తగా నేర్పనక్కర్లేదు. దాన్ని మందిరంలోకి తీసుకురావడమే మిగిలిన పని.

పిల్లవాడి మాట విన్నాక పెద్దాయన తన పక్షం వదులుకోలేదు గాని, లెక్క వేయడం మొదలుపెట్టాడు.

"సెమీ క్రిస్మస్ ఆపను బిడ్డా. సౌండోనికి అడ్వాన్సు ఇచ్చినం. ఆపితే యూతోళ్లు ఊరుకోరు, నాకు గూడ ఇష్టం లేదు."

"ఆపమంటలేను. ఆ రాత్రి నడుమల పది నిమిషాలు మైకు బందు పెట్టుండ్రి. చీకట్ల కూసోవాలె, అంతే."

"పది నిమిషాలు పిలగాళ్లు ఆగరు."

"ఐదు."

"సూద్దాం. కొవ్వొత్తుల చక్రం మాత్రం వద్దు. గుడ్డలు గూడ వద్దు." కాసేపటికి తనే మళ్లీ అన్నాడు. "తెల్లారి ప్రార్థన మనకు పాత అలవాటే. మా నాయిన కాలంల మైకు లేకుండనే నడిచేది. మొదటి ఆదివారం నుంచి పండుగ దాకా పెడదాం. పాట ఒక్కటి చాలు. వాక్యం చదువుకొని కూసుందాం."

"ఎన్నింటికి?"

"నాలుగున్నరకు. అప్పటికి కావలోళ్లు చేన్లకెళ్లి దిగుతరు. ఇంటికి పోకుండ సీదా మందిరానికే రమ్మందాం."